పంతులుగారి పిలకకి పడ్డ వాలుగ

ఆషాఢ శుద్ధ తదియ, లక్ష్మివారం, పొద్దు బారెడెక్కిన వేళ. మా తాత తవుడు చెరువు నడుమ పడవలో గుడ్లు మిటకరించుకుని కూర్చున్నాడంట. నిద్ర రావడం లేదు. ఆయన కునికితే గానీ మా ఇంట్లో కూరుండేది కాదు మరి.

నవ్వకండమ్మా, చెప్తాను. ఆ నడిమి మడుగులో, అట్టడుగున, వాలుగ చేపలుంటాయి. అక్కడికి వల అందదు. ఇత్తడి ముక్కని చేపపిల్లలా అరగదీసి, చింతపండుతో తళతళా తోమి, గేలం తగిలించి, దారంతో నిట్టనిలువున వదలాలి. అడుగు తగిలాక జానెడు పైకి తీసుకోవాలి. ఇక దబ్బున లేపడం, మెల్లగా దించడం. దబ్బున లేపడం, మెల్లగా దించడం. దిగేటప్పుడే వాలుగ నోరు తెరుస్తుంది, చావబోయే చేపనుకుని. మా తాత ఆ దారం పిలకకి కట్టుకుని కునికేవాడంట. కునికేవాడి తల ఎలాగుంటుంది? మెల్లగా వాలుతుంది, ఉలిక్కిపడి దబ్బున లేస్తుంది. వాలుగకి కావలసింది అదే కదా, చేత్తో ఆడిస్తే ఆ ఊపు రాదు మరి.

మరేమైందంటే, మా నాయనమ్మ ఎర్నమ్మకి ఈ కునికే మొగుడితో నలుగురిలో తలవంపులుగా ఉండి, ఈయన నిద్ర తీసెయ్యి తల్లీ అని పోలమ్మకి మొక్కుకుంది. తల్లి తీసేసింది. సరిగ్గా అప్పుడే అవతలి గట్టు పైడయ్య, మడుగు నాదని తగువు పెట్టాడు. పెద్దలేమో, లక్ష్మివారం పొద్దుగూకేలోగా ఎవరు పెద్ద వాలుగని తెస్తే మడుగు వాళ్లదే, ఓడినవాడు మళ్లీ అందులో గేలం వెయ్యకూడదన్నారంట. మడుగు పోతే మాకు పొయ్యి ఆరిపోయినట్టే అనుకోండి.

నాయనమ్మ గుండె బాదుకుని, ఆయన్ని నిద్రపుచ్చేవాళ్లెవరా అని ఆలోచించి, నరసింగం పంతులుగారి దగ్గరికి పోయింది. ఆయన పురాణం మొదలెడితే మూడో పద్యానికి ఊరంతా గురక. పాపం, చివరిదాకా విన్నవాడు లేడు. మా ఆయన పడవలో పురాణం వినాలని ముచ్చటపడుతున్నాడు బాబూ అందంట. ఆయన పొంగిపోయి, తాత పడవ ఒడ్డుకి తేగానే తడి పంచెతోనే ఎక్కేశాడు.

ఏనుగు కాలు మొసలి పట్టుకున్న ఘట్టం ఎత్తుకున్నాడు. తాతకి నిద్ర రాలేదు సరికదా, తర్వాతేమైంది బాబూ, తర్వాతేమైంది బాబూ అని ఒకటే అడగడం. గేలం సంగతే మర్చిపోయాడు. ఇంతలో చల్లగాలి, పడవ ఊపు, పైగా తన పురాణం తనకే వినబడుతోందాయె, పంతులుగారే జోగడం మొదలెట్టాడు. తల మెల్లగా వాలుతోంది, దబ్బున లేస్తోంది. తాత చూశాడు. అబ్బ, ఎంత కుదురైన కునుకు అనుకున్నాడు. చప్పుడు కాకుండా దారం తీసి ఆయన పిలకకి కట్టేశాడు.

కాసేపటికి పడవ ఒక పక్కకి ఒరిగింది. పంతులుగారు ఉలిక్కిపడి లేచి, "మొసలి పట్టుకుందిరా తవుడూ!" అని కేక పెట్టాడంట.

"మొసలి కాదు బాబూ, వాలుగ. తల వెనక్కే ఉంచండి, దారం వదులైతే పోతుంది."

ఒడ్డుకి చేర్చేసరికి దూడంత చేప. పైడయ్య తెచ్చింది దాని తోకంత లేదు. అయినా వాడూరుకుంటాడా, చేప పడింది పంతులు పిలకకి, మడుగు పంతులుదే అన్నాడు. పెద్దలూ తలూపారు. నాయనమ్మ ఇసకలో కూలబడిపోయింది. చేప వాసనకే ముక్కు మూసుకునే మనిషికి మడుగు దఖలు పడిందని జనం ఒకటే నవ్వు.

పంతులుగారు పిలక ముడేసుకుని, "నాదేనా? అయితే తవుడికిచ్చేశాను," అన్నాడు. "ఒకటే షరతు. రోజూ దీపాలవేళకొచ్చి చివరిదాకా వినాలి. తర్వాతేమైందని నన్నడిగినవాడు వీడొక్కడే."

ఆ సాయంత్రమే తాత పోయి అంతా విని, ఇంటికొచ్చి, నిద్ర లేదు కదా, తెల్లవార్లూ పద్యం పద్యమూ నాయనమ్మకి అప్పజెప్పాడు.

పోలమ్మ ఒకరి దగ్గర తీసింది పారెయ్యదమ్మా, ఇంకొకరికిస్తుంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వెళ్లి తల్లికి చలిమిడి పెట్టి, మొక్కు తీర్చుకుని, అటునుంచటే పడవెక్కారు. మడుగు చేరేసరికి నాయనమ్మ తల వాలిపోతోందంట. తాత దారం తీసి ఆవిడ కొప్పుకి కట్టాడు.