పడ్డా పలుగని డబ్బ

ఇచ్చోడ సడక్ మీద, ఎల్లక్క చాయ్ హోటల్ ముందట సర్వేవాళ్ల జీపు ఆగింది. రామచంద్రం సారు దిగి బెంచీ మీద కూసున్నడు. పక్కన పసుపుపచ్చ డబ్బ. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల మాట విని, మనం నిలబడ్డ జాగ వేలెడు తేడా లేకుండా చెప్పే యంత్రమట అది. జైనూర్ గుట్టల్లో ఈ ఎండాకాలమంతా దాన్ని పదిలంగా చూసుకునే మనిషి ఒకడు కావాలని సారు అడిగిండు. పోయినేడు వేరే సర్వేవాళ్లతో తిరిగొచ్చిన గట్టయ్య చేతిల చాయ్ పక్కన పెట్టిండు. పత్తి ఏరుడు అయిపోయినంక ఆయనకు పని లేదు. పని దొరికితేనే ఇంటికి రమ్మని పెండ్లాం అనసూర్య చెప్పి పంపిన సంగతి హోటల్ల కూసున్న మా అందరికీ ఎరుకే.

"సారూ, నేను గొప్పలు చెప్పుకునేటోణ్ని కాదు. అడిగిన్రు గనుక చెప్తున్న. పోయినేడు గసొంటి డబ్బ నా చేతులనే ఉండె. పొద్దూకంగనే మా ఇంటిదాని పాత చీరె ముక్కతోని మెత్తగ దుమ్ము తుడుస్తుంటి. కేబులు ఊడదీసినంక దాని మూతికి మూత పెడుతుంటి, తడి తలగకుండ. బ్యాటరీని నీడకు పెడుతుంటి. గంతే, పెద్ద పనేం కాదు."

సారు తల ఊపి జేబులకెల్లి పెన్ను తీసిండు. గట్టయ్య అక్కడ ఆగితే సరిపోయేది. కానీ పక్కనే కొమురెల్లి ఉన్నడు. పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లుల హమాలీ, ఎవలేం చెప్పినా నమ్మే మనిషి. మిల్లు బందు పడి ఆయన కూడా ఖాళీగనే ఉన్నడు.

"కింద పడితే పలగదా గట్టన్నా?" అన్నడు.

"పలుగుడా? జర ఇను. జైనూర్ దిక్కు ఒక గుట్ట కొసకు స్టాండేసి డబ్బ పెట్టినం. ఒక మేకపోతొచ్చి స్టాండు కాలుకు ఈపు గీక్కున్నది. డబ్బ బండలకు కొట్టుకుంట, దొర్లుకుంట కింద పడ్డది. మా సారు తల పట్టుకొని కూసున్నడు. ఫికర్ చెయ్యకుండ్రి అని నేను దిగిపోయి, చీరె ముక్కతోని తుడిచి మీట నొక్కిన. ఏమైందో ఎరుకేనా? గుట్ట మీదికెల్లి ఎంత కిందికొచ్చిందో అదే చెప్పింది. గోరంత తేడా లేదు."

"పలగనే లేదా?" కొమురెల్లి నోరు తెరిచిండు.

"గిది ఇంటే గట్లంటివి, కడెం వాగు ముచ్చట ఇంటే ఏమంటవు? జీపు వాగు దాటుతుంటే నీళ్లొచ్చి డబ్బను గుంజుకపోయినయి. వానకాలమంత ఇసుకల ఉన్నది. దసరా ముంగట చేపలు పట్టేటోళ్ల వలల పడ్డది. మూత తీస్తే లోపలికెల్లి బొచ్చె చేప దుంకింది. చేపను వండుకొని తిన్నం, అదే పొయ్యి మీద డబ్బను ఆరబెట్టిన. మీట నొక్కితే, కొట్టుకపోయిన తొవ్వంత ఒక్క మలుపు ఇడువకుండ చెప్పింది. ఎంటికంత తేడా లేదు."

కూర ఎవరొండిన్రని ఎల్లక్క అడిగింది. నేనే అన్నడు గట్టయ్య. ఇంట్ల నీళ్లు కాగబెట్టుడు రాదు గదా నీకు అనుకుంట ఆమె గ్లాసులు కడుగుడుల పడ్డది. సారు పెన్నుకు మూత పెట్టిండు. గట్టయ్య అది చూసి, తను చెప్పింది ఇంకా సాలలేదనుకున్నడు.

"బొగ్గు బాయి కాడ డంపరు దాని మీదికెల్లి పోయింది సారూ. టైరు పలిగింది, డ్రైవరు పరేషాన్. డబ్బకు దుమ్ము తప్ప ఏమంటలే. దసరా నాడు పనిముట్లకు మొక్కుతం గదా, నేను డబ్బకు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ దాని నెత్తి మీదనే కొట్టిన. కాయ రెండు చెక్కలైంది, డబ్బకు గీత పడలే."

సారు పక్కనున్న డబ్బను మెల్లగ ఒళ్లోకి తీసుకున్నడు.

"గా తెల్లారి ఏమైందో ఎరుకేనా? పైన తిరిగేటి ఉపగ్రహాలకే తొవ్వ తప్పింది. బొంబాయి మీదికి పొయ్యేటిది భైంసా మీద ఆగిపాయె. అన్నీ గలిసి మేం యాడ ఉన్నమని మా డబ్బనే అడిగినయి. ఒక్కొక్కదానికి జాగ జూపిచ్చి తోలింది. గసొంటిదాన్ని సంబాళించినోణ్ని సారూ. గీ పని నాకు గావాలె."

ఆ చివరి మాట గట్టయ్య రెండు చేతులు జోడించి అన్నడు. మాకు కూడా పాపమనిపించింది. సారు పెన్ను జేబుల పెట్టుకున్నడు.

"గట్టయ్యా, చీరె ముక్కతోని తుడిచిన అన్నప్పుడే నీ పేరు రాద్దామని పెన్ను తీసిన. తర్వాత గుట్ట మీదికెల్లి పడ్డా, వాగుల మునిగినా, డంపరెక్కినా దానికేం కాదంటివి. ఏం కానిదానికి మనిషెందుకు? జీపు ఎనుక పడేసుకొని పోత."

సారు కొమురెల్లి దిక్కు తిరిగి, డబ్బను ముందుకు జరిపి, జర పట్టుకో అన్నడు. పత్తి బేళ్లను ఈపు మీద మోసే కొమురెల్లి రెండు చేతులూ ఎనుకకు పెట్టుకున్నడు.

"గట్టన్న పలగదనే అంటున్నడు. అయినా నాకు ముట్టాల్నంటేనే భయమైతుంది సారూ."

"నువ్వు జీపెక్కు" అన్నడు సారు.

కొమురెల్లి డబ్బను ఒళ్లో పెట్టుకొని, రెండు చేతులు చుట్టేసి ఎనుక కూసున్నడు. డ్రైవరు బండి చాలు చేసిండు. గట్టయ్య లేచి జీపు కాడికి పోయిండు. అంగీ జేబులకెల్లి మడతపెట్టిన పాత చీరె ముక్క తీసి కొమురెల్లి చేతిల పెట్టి, సారుకు ఇనబడకుండ చెప్పిండు.

"మూత పెట్టుడు మరువకురా. జర తడి తలిగినా ఖరాబైతది."