తల సముద్రం వైపు

ఫిషింగ్ హార్బర్‌లో ఉదయం చేపల వేలంపాట ముగిసింది. గంగాలమ్మ తన బల్ల మీద కానాగంత చేపలు సర్దుతోంది. పక్క బల్ల గురువమ్మది. గంగాలమ్మ కూతురు ధనశ్రీ తెల్లారేసరికే వచ్చి, ఫోను స్టాండు బిగించుకొని కూర్చుంది. ఫొటో చూసి చేప తాజాదో పాడైందో కంప్యూటర్ చెప్పేలా చెయ్యడం ఆమె పరిశోధన; పదింటికి కాలేజీలో దాని మీద ఆఖరి సెమినార్. గంగాలమ్మ నిన్నటి నుంచీ ఒకటే మాట అంటోంది.

“ఓలె, మీ సారు ఏటి రాయమన్నారో అదే రాసీయే. నీకేటి పోద్ది?”

“నాను రాయనమ్మా.”

“రాయనంటే? ఆరేళ్ళ సదువు. ఈ ఒక్క పూటా తల వంచుకుంటే డాక్టరేట్ ఒచ్చీసినట్టేనని నువ్వే సెప్పేవు కదేటి.”

“ఏటి రాయమన్నారో తెలుసా నీకు?”

“ఏదైతే ఏటి? పెద్దోరు సెప్పేరు, రాసీ.”

“‘హార్బర్లో ఆడవాళ్ళకి చదువు లేదు. ఏ చేప తాజాదో, ఏది పాడైందో తప్పుగా చెప్పారు. అందుకే కంప్యూటర్ కూడా తప్పు నేర్చుకుంది.’ ఇదీ రాయమన్నది. ఆ ఆడోళ్ళంటే ఎవులమ్మా? నువ్వు. గురువమ్మత్త.”

“సదువు నేదన్నది నిజవే కదే.”

“ఒదినా, నీ సంగతి నువ్వు సెప్పుకో. నాను మూడో తరగతి పాసు.”

“నాను అయిదు. అయినా ఆ మాట ఎక్కడా అన్లేదు. నువ్వుండు గురువమ్మా.”

“నానుండను. ఇంతకీ కోడలా, నీ కంప్యూటర్ ఏటి తప్పు సెప్పింది?”

“ఇక్కడ, మా అమ్మ బల్ల మీద, ఫొటో సూసి నూటికి తొంబయ్యారు కరెక్టుగా సెప్తాదత్తా. మొన్న సబ్బవరం సంతకి పట్టుకెళ్ళేను. నలబై చేపల్లో సగం తప్పు. కుళ్ళినదాన్ని తాజా అంది. తాజాదాన్ని పారీమంది.”

“మా ఆయన కన్నా నయవే. ఆయనకి అన్నీ తాజావే.”

“సబ్బవరం మాట సెమినార్లో ఎత్తొద్దన్నారు సారు. ఎవులైనా గుచ్చి అడిగితే మీ మీదకి తోసీమన్నారు. ఏదో కంపెనీ ఇది కొని, ఈ వేలంపాట దగ్గర ఎడతాదంట.”

“అంటే రేపు షావుకారొచ్చి ఏటంటాడు? నీ మాట సెల్లదు గురువమ్మా, నీకు సేప తెలీదని పుస్తకంలో రాసుంది, మిషను ఎంతంటే అంతే అంటాడు.”

“అంతే అత్తా.”

“ఒదినా, ఇన్నావా?”

“ఇన్నాను. పిల్ల సీటు పోతే నువ్విత్తావా సీటు? సారుకి కోపవొస్తాది. సీటు పీకీత్తారు. నలుగురూ నవ్వుతారు. ఇది తల ఎత్తుకోలేక సముద్రం ఒడ్డుకి పోతాది. అప్పుడు నాను...”

“అమ్మా, నాకు ఈతొచ్చు.”

“నవ్వు. నీకు నవ్వుగానే ఉంటాది.”

“ఒక్కటి సెప్పు. రెండేళ్ళు ఫొటోలు తీసేను. నువ్వెప్పుడైనా పొరపాటున తప్పు సెప్పేవా?”

“ఏటే ఆ మాట? మొప్ప ఎత్తి సూసి, బొటనేలు నొక్కి సూసీ సెప్పేను. ఏడు వేల సేపలూ. మిగతా లోకంలో నాకేటీ తెలీదు గానీ, సేప సంగతి కళ్ళు పోయినా సెప్తాను.”

“మరి నువ్వు తప్పు సెప్పేవని నాను రాస్తే అబద్ధం కాదా?”

“అబద్ధవే. అయితే ఏటి? నాతో నువ్వు సిన్నప్పుట్నించి ఆడీనన్ని అబద్ధాలు ఎవులాడేరు? ఇంకోటి ఆడు.”

“ఆడను. తప్పు ఎక్కడుందో గంటలో దొరకాలి. అత్తా, పాడైనదొకటి ఇటియ్యి.”

“ఇదిగో. నిన్నటిది. వాసన సూడకు.”

“బల్ల మీద ఎడుతున్నాను. ఫోను కింద సరిగ్గా...”

“ఓసి గుంటా, అలగెట్టకు. తల ఇటు తిప్పు.”

“ఎందుకు?”

“పాడైంది కదే. సముద్రం తల్లి గంగమ్మకి దాని మొకం సూపిత్తావేటి?”

“...ఏటన్నావు?”

“అదిగో సముద్రం. తాజాదైతే తల సముద్రం వైపు. పాడైందైతే తల రోడ్డు వైపు. మా అమ్మ నేర్పింది. ఇంత సదువు సదివేవు, ఇది తెలీదేటి?”

“ఆ ఏడు వేల ఫొటోలకీ చేపలు బల్ల మీద ఎవులెట్టేరు?”

“నానే. నీకు రాసుకోడానికే సరిపోయేది కదా.”

“అన్నీ ఇలాగే ఎట్టేవా? ఒక్కటైనా అటుదిటు...”

“తల్లి ఎదర తప్పు సేత్తానేటి? ఎందుకే అలగ సూత్తన్నావ్? ఏటైంది? ఓలె, సెప్పు.”

“అత్తా, నువ్వొకసారి తిప్పు. ఈ కుళ్ళినదాని తల సముద్రం వైపు ఎట్టు.”

“ఎట్టేను.”

“ఫోను తాజా అంటోంది.”

“ఇదా? దీన్ని మా ఈది కుక్క కూడా ముట్టదు.”

“రోడ్డు వైపు తిప్పు.”

“తిప్పేను.”

“పాడైంది అంటోంది. మళ్ళీ సముద్రం వైపు.”

“వద్దే గురువమ్మా, తల్లికి కోపవొస్తాది.”

“తిప్పీసేను ఒదినా.”

“తాజా. సూసేవా అమ్మా? ఇది కన్ను సూడలేదు. మొప్ప సూడలేదు. ఒంటి మీద నిగనిగ సూడలేదు. తల ఎటుందో ఒక్కటే సూసింది. తేలిగ్గా దొరికింది, అదే పట్టీసుకుంది. సబ్బవరంలో ఎవులూ అలా ఎట్టరు కదా, అందుకే సగానికి సగం తప్పింది.”

“మా ఆయన లాగే. ఎటు తిప్పితే అటు.”

“అంటే... నా వల్లేనా? నా సేత్తో నా పిల్ల సదువు నానే ముంచీసేనా?”

“కాదమ్మా. నువ్వు సెప్పింది ఏడు వేలకీ నిజవే. రెండేళ్ళలో నాను గానీ మా సారు గానీ ఒక్క చేపని తిప్పి సూడలేదు. తప్పు మాది.”

“ఎవులకీ సెప్పకే. గురువమ్మా, నీకు దండవెడతాను, నువ్వూ సెప్పకు. ఇది ఇక్కడే పాతీద్దాం. సారు రాయమన్నదే రాసీయే, నాను తప్పు సెప్పేననే రాసీయే. తొంబయ్యారే ఉండనీ.”

“ఫోను మోగుతోంది. సారు.”

“ఎత్తకు.”

“హలో సార్... దొరికింది సార్. వాళ్ళు చెప్పినవన్నీ సరైనవే. చేప తల ఎటుంటే... అవును సార్, తలే. ఇప్పుడే తిప్పి చూశాం.”

“మెల్లగా మాటాడే.”

“లేదు సార్, వాళ్ళు పాడుచెయ్యలేదు. మనం చూసుకోలేదు... రాయను సార్... తొంబై ఆరు అని చెప్పను. తల సంగతే చెప్తాను.”

“ఓలమ్మో, అలగనకే. సరేనను. ఒక్కసారి సరేనను.”

“సెమినార్ వాయిదా వేస్తారా? వెయ్యండి సార్. పదింటికి ప్రొఫెసర్లంతా ఎలాగూ వస్తారు, నేను తలుపు దగ్గరుంటాను. లోపలికి రానిస్తే లోపల చెప్తాను. లేకపోతే గుమ్మంలో చెప్తాను... ఉంటాను సార్.”

“ఏటన్నారు?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే అంతసేపు మాటాడతారేటి? సెప్పు.”

“మళ్ళీ మొదట్నించి సేసుకో అన్నారు. ఇంకో రెండేళ్ళు.”

“అనుకున్నాను. నాను అనుకుంటూనే ఉన్నాను. ఇంకా?”

“ఇంకేటి లేదమ్మా.”

“కోడలా, మీ అమ్మ నువ్వు కక్కీదాకా ఒగ్గదు, సెప్పీ.”

“‘చేపలమ్ముకునేదాని మూఢనమ్మకాలు తెచ్చి ప్రొఫెసర్ల ముందు పెడతావా’ అన్నారు.”

“చేపలమ్ముకునేదాని.”

“ఆ.”

“మూఢనమ్మకవని.”

“ఒగ్గీ అమ్మా. సారుకి తల్లి సంగతి ఏటి తెలుసు.”

“తల్లి సంగతి తెలీపోతే పోనీ. సేప సంగతి తెలీదు కదా. ఏడు వేల సేపలు సూసిన కన్ను నాది. ఆ మిషను సూసిందేటి? తల. ఇద్దర్లో మూఢనమ్మకం ఎవులదే?”

“అలాగడుగు ఒదినా.”

“టైమెంత?”

“ఎనిమిదిన్నర. ఎందుకు?”

“గురువమ్మా, నా బల్ల సూసుకో. ఆ ఐసు పెట్టె ఇలాగియ్యి. తాజావి రెండు, పాడైనవి రెండు.”

“అమ్మా, ఏటి సేత్తన్నావ్?”

“ఆటో మాటాడు. ఆ సార్లకి నువ్వు నోటితో సెప్తే తోసీత్తారు. కళ్ళెదర తిప్పితే ఏటంటారో సూద్దాం.”

“నిన్ను గేటు దగ్గరే ఆపీత్తారు. నీకు బయం కదమ్మా.”

“బయవే. అయినా ఒస్తాను. ఆపితే గేటు కాడే పెట్టె తెరుస్తాను. వాసనకి ఆల్లే ఒస్తారు.”

“నువ్వు రానక్కర్లేదు. తిప్పడవే కదా, నాను తిప్పుతాను.”

“నీకు తెలీదే. పాడైనదాని మొకం సముద్రం వైపు ఎట్టడవంటే సిన్న సంగతి కాదు. యాబయ్యేళ్ళలో ఈ సేత్తో ఒక్కసారీ సెయ్యలేదు. తల్లికి నాను సెప్పుకుంటాను. ఇయ్యాల ఆ సార్లందరి ముందరా నానే తిప్పుతాను, పద.”