చిన్న లేత్ మిషన్

గట్ల గుడ్లురిమితే ఊకుంటననుకున్నవా? ఊకోను. ఇయ్యాల నేను మాట్లాడుత, నువ్వు వినాలె. డాక్టరు తీగలతోని కట్టేసింది నీ దవడలను, చెవులను కాదు గద!

ఏందది, గాలిల వేలుతోని గట్ల రాస్తున్నవ్? నోటుబుక్కు కావాల్నా? ఇయ్య. పెన్ను గూడ ఇయ్య. రెండూ అల్మారల పెట్టి తాళమేసిన. నిన్న ఏం రాసినవ్ దాంట్ల? "నాకు చెప్పకుండ నా మిషన్ ఎట్ల అమ్మినవ్" అని. కింద రెండు గీతలు గూడ కొట్టినవ్. పండ్లు రాలినా పొగరు రాలలే నీకు.

అవ్, అమ్మిన. పాత ఇనుప సామానోడు వచ్చి నలుగురు మనుషులతోని మోసుకపోయిండు. మరేం చెయ్యమంటవ్? నీ మూతి పగలగొట్టిన లేత్ మిషన్‌కు బొట్టు పెట్టి మొక్కాల్నా?

నువ్వు, నువ్వు అంటున్ననని గులుగుతున్నవా? గులుగు. ఇరవై రెండేండ్లు మీరు, మీరు అన్న. పెండ్లయిన మర్నాడే మీ అమ్మ నేర్పిచ్చిన మాట. గీ మూడు వారాలకెల్లి నువ్వు అంటున్న. మొదటిసారి అన్నంక తలకాయెత్తి చూసిన, ఆకాశమేం ఊడి పడలే.

సరే, అసలు ముచ్చట విను. కొత్త లేత్ మిషన్ కొన్న. చిన్నది. రేపు పొద్దుగాల ఆటోల మన పాలకుర్తికి వచ్చి దిగుతది, మన అరుగు మీద పెట్టిస్త. ఎట్ల కొన్ననో తెలువాలె గద నీకు? నువ్వు కొన్నట్టు దూరంకెల్లి చూసి, పెద్దగున్నది గాబట్టి మంచిది అని కొనలే. మూడూర్లు తిరిగిన. సంచిల చేపల గాలం కట్టె పిడి ఒకటి పాతది, చువ్వలకు గుచ్చి గమ్ముతోని అతికిచ్చిన రెండు వరుసల కార్కు బిళ్లలు, అరగదీసే ఉప్పు కాయితం వేసుకొని తిరిగిన.

ముందు జనగాం పోయిన. కొత్త మిషన్, తళతళ మెరుస్తున్నది. పూసలు, పెన్నులు చేసుకునేదట. ఆ దుకాణపాయన నా ఎనక చూసి, "సార్ రాలేదా మేడం?" అన్నడు. సారుకు పనున్నదన్న. మన గాలం కట్టె పిడి జానెడున్నర గద? సంచిలకెల్లి తీసి మిషన్ మీద పెట్టిన. పిడిని పట్టుకునే రెండు మొనల నడుమ జానెడు జాగ గూడ లేదు. సగమే పట్టింది. "రెండు ముక్కలు చేసి అతికియ్యండి మేడం" అని సలహా ఇచ్చిండు. నాకు నవ్వొచ్చింది. నాలుగు కిలోల చేప గుంజుతుంటే ఆ అతుకు కాడనే ఇరుగుతది అన్న. మల్ల సార్ ముచ్చట తియ్యలే ఆయన.

రెండోది మహబూబాబాద్ల. చపాతీ కర్రలు చేసే కార్ఖాన. మిషన్ పొడుగు మంచిగనే ఉన్నది. "జర తిప్పి చూస్త" అని నా కార్కు బిళ్లల ఒక వరుస ఎక్కిచ్చిన. దాని తక్కువ స్పీడే మనకు చానా ఎక్కువ. ఉప్పు కాయితం ఆనిచ్చిన్నో లేదో కమురు వాసన. కార్కు మెత్తది, బిళ్లల నడుమ గమ్ము గట్టిది. స్పీడెక్కువైతే కార్కు అరిగిపోతది, గమ్ము గీతలు బక్కోని పక్కటెముకల లెక్క బయటికొస్తయ్. అట్లనే వచ్చినయ్. దండం పెట్టి బయటపడ్డ.

గివి నీకు తెలుసా? తెల్వదు. నువ్వు చేసేటోనివైతే గద తెలిసేది.

మూడోది భూపాలపల్లిల. సాంసన్ అని, బొగ్గు బాయిల ఫిట్టర్ పని చేసి రిటైరయిన పెద్దమనిషి. ఇంటెనక రేకుల షెడ్డుల ఆయనే సొంతంగ చేసుకున్న లేత్ మిషన్. చేతులు వణుకుతున్నయని అమ్ముతున్నడు. ఆ మిషన్ చూడంగనే నా పానం లేచొచ్చింది. ఫ్యాన్ రెగ్యులేటర్ లెక్క గుండీ ఉన్నది, ఎంత నిమ్మలంగ తిప్పుకుంటే అంత నిమ్మలంగ తిరుగుతది. ముందుటి తిరిగే తలకాయల ఈ దిక్కుకెల్లి ఆ దిక్కుకు ఆరుపారు బెజ్జం ఉన్నది, పిడిని కట్టెకు అతికిచ్చినంక గూడ దూర్చి సాఫ్ చేసుకోవచ్చు. సప్పుడు గూడ పిల్లి గురగుర లెక్క.

"చేసి చూడు బిడ్డా" అని ఆయన పక్కకు జరిగిండు. నేను కొంగు బిగించుకొని నిలవడ్డ. రెండో వరుస ఎక్కిచ్చి, అర్ధగంటల పిడి తయారు చేసిన. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, చెంపకు రాసుకొని చూసిండు. "ఎక్కడ నేర్చినవ్?" అనడిగిండు. ఎక్కడ నేర్చిన్నని చెప్పాలె? నా తొడ మీద నేర్చిన అన్న.

తరువాత, "ఇంటాయన లేడా అమ్మా?" అన్నడు.

"లేడు" అన్న.

అంతే అన్న. ఒక్క మాట. ఆయన చెమటకు బొట్టు చెరిగిన నా నుదురు దిక్కు చూసిండు, నా చేతులు చూసిండు, కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నడు. "దేవుడు నీకు బలమియ్యాలె బిడ్డా" అని తలకాయ మీద చెయ్యి పెట్టిండు. నేను అట్ల కాదయ్యా, ఇంటి కాడ ఉన్నడు అని చెప్పలే. చెప్పబుద్ధి కాలే. బస్సెక్కినంక గూడ ఆ మాటనే నోట్ల నానిచ్చుకుంట వచ్చిన. లేడు. లేడు. మస్తు తియ్యగున్నది.

కదులకు! సొంగ కారుతున్నది, తుడుస్త ఆగు. మెల్లగ తుడువాల్నా? నాకు మెల్లగ రాదు. నీతోని ఉండి మరిచిపోయిన.

వివేక్ ఫోన్ చేసిండు, ఆ ముచ్చట గూడ చెప్త. హైద్రాబాద్ల గాలం కట్టెలు కొని అమ్ముతడు గద, ఆ వివేకే. "ముప్పై కట్టెల ఆర్డర్ ఏమైతదక్కా, అన్నకిట్లయింది" అన్నడు. ఏం కాదు, పిడిలన్ని మొదటి కానుంచి చేసింది నేనే అన్న. అటు దిక్కుకెల్లి నవ్విండు.

యాదికున్నదా, పోయినేడాది మన అరుగు మీద ఎనిమిది మంది కూసున్న ఆదివారం? చెరువు కాడికెల్లి వచ్చిన్రు అందరు. వివేక్ ఒక పిడి పట్టుకొని, "గిది చెయ్యిల కూసున్నదన్నా, ఎవరు చేసిన్రు?" అన్నడు. నువ్వు ఛాతి ఇరుసుకొని "నేనే" అన్నవ్. అది నేను రెండు దినాలు కార్కు గుచ్చిన ఇనుప చువ్వను తొడ మీద దొర్లిచ్చి దొర్లిచ్చి ఉప్పు కాయితంతోని అరగదీసిన పిడి. వేళ్ల తోలు లేచిపోయి పసుపు పెట్టుకున్న. "అక్క గూడ చేస్తదా?" అని ఎవరో అడిగితే లోపటికి పోయి, చెత్త బుట్టలకెల్లి నువ్వు చెడగొట్టిన పిడి తెచ్చినవ్. "గిది మా ఆమె చేసింది. రోకలిబండ లెక్క లేదా?" అన్నవ్. అందరు పకపక నవ్విన్రు. నేను చాయ్ పళ్లెం పట్టుకొని నిలవడ్డ. నేను గూడ నవ్విన. మీరందరు నవ్వింది నాకు మంట కాదు. నేను నవ్విన గద, అది ఇంకా మండుతున్నది.

ఇప్పుడు వివేక్ ఏమన్నడో ఎర్కనా? "మాకు అప్పుడే తెలుసక్కా. అన్న అరచేతులు దూది లెక్క ఉంటయ్, నీ వేళ్లకేమో పట్టీలు. ఆనాడు మేం నవ్వింది నిన్ను చూసి కాదు" అన్నడు.

ఏందయ్యా, మొకం గట్ల పాలిపోయింది? నాలుగేండ్లకెల్లి వాళ్లు నిన్ను చూసి నవ్వుతున్నరు. లక్ష్మీకాంత్ అన్నా, లక్ష్మీకాంత్ అన్నా అని భుజం మీద చెయ్యేసి, రోడ్డెక్కినంక నవ్వుకుంట పోయిన్రు. కండ్లు మూసుకోకు. మూసుకున్నా మాటలు లోపటికి వస్తయ్.

ముప్పై కట్టెల ఆర్డర్ రాంగనే లేత్ మిషన్ అన్నవ్. చిన్నది తెద్దామన్న, నిమ్మలంగ తిరిగేది తెద్దామన్న. నిన్ను బతిలాడిన. "పదో తరగతి ఫేలైనదానివి, నాకు మిషన్లు చెప్తవా?" అని పోయి మొగుళ్లపల్లిల మంచం కోళ్లు చేసే భద్రయ్య తాన్నుంచి ఏనుగంత మిషన్ పట్టుకొచ్చినవ్. భద్రయ్య గూడ చెప్పిండట గద, "కార్కుకు గిది పనికిరాదు పటేలా" అని? ఆయన మాట గూడ వినకపోతివి. ఊరోళ్లు చూడాలె, ఇంత పెద్ద మిషన్ అనాలె. అంతేగద!

ఇగ ఇప్పుడు చెప్తున్న మాట జర చెవి పెట్టి విను. పోలీసోళ్లకు చెప్పలే, దవాఖానల చెప్పలే. మా చెల్లె సుమకు గూడ చెప్పలే.

ఆ పొద్దు నీ దోస్తు అజిత్ వచ్చి కుర్చీల కూసున్నడు. నీ పనితనం చూపియ్యాలె గద ఆయనకు! నేను చాయ్ తెచ్చిన. చూడంగనే కనపడ్డది, బెల్టు చిన్న పుల్లీ మీద ఉన్నది, అంటే మిషన్ మస్తు స్పీడు తిరుగుతది. "బెల్టు..." అన్న, అంతే. మాట పూర్తిగ గూడ కాలే. నువ్వు అజిత్ దిక్కు చూసి కన్ను కొట్టి, నా దిక్కు తిరిగి, "మిషన్ గురించి ఇంకోసారి నోరు తెరిచినవంటే పండ్లు రాలగొడత" అన్నవ్. అజిత్ చాయ్ ఒలికేటట్టు నవ్విండు.

నేను నోరు మూసిన. అప్పుడు రెండోది కనపడ్డది. కార్కు ఎక్కిచ్చిన పొడుగు ఇనుప చువ్వను ఎనకకెల్లి పట్టుకునే మొన ఉంటది గద, దాన్ని బిగిచ్చే హ్యాండిల్ వేలాడుతున్నది. బిగియ్యలేదు నువ్వు. మరిచిపోయినవ్. బిగియ్యకుంటే మొన ఎనకకు జరుగుతది, చువ్వ ఇడిసిపోతది. ఆ స్పీడుకు వంగి, కొరడా లెక్క కొడుతది. గివన్ని అప్పటికే నాకు తెలుసా? తెలుసు. నువ్వు పండుకున్నంక ఫోన్ల వీడియోలు చూసి చూసి నేర్చుకున్న.

నువ్వెంటనే స్విచ్చెయ్యలే. చాయ్ తాగినవ్. నాలుగు గుక్కలు తాగినవ్, నేను లెక్కపెట్టిన. గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నవ్. అజిత్‌తోని ఏదో అన్నవ్. ఎంత టైముండె నాకు! "ఆగు" అంటే సరిపోతుండె. అది గూడ వద్దు, చెయ్యి పెట్టి ఆ హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే సరిపోతుండె. నా చెయ్యికి జానెడు దూరంల ఉండె.

నేను రెండడుగులు ఎనకకు జరిగిన.

ఖాళీ గ్లాసు తీసుకొని, తలుపు మూల నిలవడి చూసిన. చస్తవనుకోలే. నిజంగ అనుకోలే. ఏదో ఒకటి తగుల్తది, అజిత్ ముంగట మొకం చిన్నబోతది అనుకున్న. చువ్వ లేచి దవడ మీద కొట్టిన సప్పుడు, పచ్చి కట్టె ఇరిగినట్టు... ఆ సప్పుడుకు నేను ఉలిక్కిపడలే. అజిత్ ఉరికొచ్చి నిన్ను పట్టుకున్నడు. నేను ముందుగాల స్విచ్చి బందు చేసిన, తరువాత నీ దిక్కు చూసిన. మిషన్ పని అట్లనే చెయ్యాలె.

ఎందుకు ఏడుస్తున్నవయ్యా? నేను ఏడువలే గద.

వచ్చే వారం తీగలు ఇప్పుతరట. నోరు తిరుగుతది, మాటలొస్తయ్. చెప్పుకో పో. మీ అన్నదమ్ములకు చెప్పుకో, అజిత్‌కు చెప్పుకో, స్టేషన్ల కాయితం ఇయ్యి. కాని ఏమని చెప్తవ్? "హ్యాండిల్ బిగియ్యలేదని నాకు తెల్వదు సార్, నా పెండ్లానికి తెలుసు. మిషన్ పని నాకు రాదు, ఆమెకొస్తది" అనాలె. ముందుగాల ఆ మాట అంటెనే మిగిలిన మాట నిలవడ్తది.

అను. నలుగుర్ల ఆ మాట అన్ననాడు, నేనే ఆటో మాట్లాడి నిన్ను స్టేషన్‌కు తోలుకపోత.