మా బావ గూఫప్

ఫోన్లో ఎవరితోనో 'గూఫప్ అయిందే' అంటున్నావు, అప్పట్నుంచీ నవ్వొస్తోంది నాకు. ఏం లేదమ్మా, ఆ మాట నేను మొదట విన్నది మా బావ నోట. అదే, మా అక్క మొగుడు, కటింగ్ మాస్టరు. నువ్వు పుట్టేసరికే పోయాడులే. ఇంగ్లీషు ముక్క రాదు ఆయనకి, ఆ ఒక్క మాట తప్ప. ఓడలో పనిచేసే ఆయనెవరో ప్యాంటు కుట్టించుకోడానికొచ్చి నేర్పిపోయాడు. ఇక చూస్కో, మా టైలరింగ్ షాపులో ఎవరి చెయ్యి జారినా కత్తెర కింద పెట్టి 'గూఫప్' అనాలి. అన్నావా, తిట్లు లేవు. మిషన్లన్నీ ఆపి అందరం చుట్టూ చేరి ఆ గుడ్డని ఎలా గట్టెక్కించాలా అని చూడాలి. దాచావో, అయిపోయావే. 'తప్పైతే తలొంచుకుంటావు, గూఫప్ అయితే తలెత్తి చెప్తావు, అంతేరా తేడా' అనేవాడు, నోట్లో గుండుసూదులు పెట్టుకుని. ఎవరిది వాళ్ళే అనాలి మళ్ళీ. పక్కవాడిది నువ్వన్నావనుకో, అది చాడీ. ఆ గుండుసూదులు మింగుతారండీ బాబూ అని అక్క ఎన్నిసార్లు మొత్తుకుందో, వింటేగా.

ఏమంటున్నాను... ఆఁ. చివర్లో చూపు మందగించిందాయనకి. గీత ఒకచోట, కత్తెర ఒకచోట. చెప్పేదెవరు? ఎవరిది వాళ్ళే అనాలని రూలు పెట్టింది ఆయనేనాయె. ఆయన భోజనానికి వెళ్ళగానే అక్క గబగబా ఆ ముక్కలు సరిచేసి, ఏమీ ఎరగనట్టు కాజాలు కుట్టుకుంటూ కూర్చునేది. మేమూ నోరెత్తలేదు. ఆ బల్ల దగ్గర్నుంచి లేపితే మనిషి దక్కడని మా భయం.

ఓరోజు ఓ పెళ్ళికొడుకు కోటు. ఖరీదైన గుడ్డ, మిగులు జానెడు లేదు. బావ కోటు చేతులు రెండూ కత్తిరించి, బల్లమీద పరిచి, తడిమి తడిమి చూస్తున్నాడు. గుడ్డ తిరగేసి పెట్టడం మర్చిపోయాడు, రెండూ ఎడమచేతివే. మాకందరికీ కనపడుతూనే ఉంది. ఒక్కరం తలెత్తలేదు. ఆయనే కత్తెర కింద పెట్టి, 'గూఫప్' అన్నాడు మెల్లిగా. అక్క వైపు తిరిగి, 'ఇన్నాళ్ళూ నావి నువ్వే సర్దుతున్నావు కదూ. నీ కత్తెర నాకు తెలీదనుకున్నావా, పిచ్చిదానా' అన్నాడు. అక్క ఏడ్చేసింది. ఆయనేమో బల్ల ఇవతలికొచ్చి, ఆవిడ స్టూలు మీద కూర్చుని, 'కానీ, నువ్వే కొయ్యి. నేను చూస్తా... చూళ్ళేను కదూ, వింటా' అన్నాడు. అప్పుడు లేచాం అందరం. చంక కింద అతుకేసి ఎలాగో గట్టెక్కించాం ఆ కోటుని.

ఉన్నన్నాళ్ళూ ఆ స్టూలు మీదే, అక్క కత్తెర చప్పుడు వింటూ. 'ఆఁ, అక్కడ వంకర పోతున్నావు' అనేవాడు, నిజంగానే పోయేది. మహా మనిషమ్మా, అట్లాంటివాణ్ణి నేను మళ్ళీ చూళ్ళేదు. ఆయన పోయాక అక్క మళ్ళీ కత్తెర ముట్టుకోలేదు. ఎంత బతిమాలినా, 'ఎవరు వింటారని కొయ్యనురా' అంది.

...ఆ కిటికీ వేసెయ్యమ్మా, చలిగాలి కొడుతోంది.