మడుగులో వల

గోదావరి మీద మంచు ఇంకా విడవలేదు. నాటు పడవలో ఇద్దరే ఉన్నారు: క్రిస్మస్ మర్నాటి నుంచి కనబడని అన్న ఆంథోని కోసం తిరిగి తిరిగి కళ్లు మండుతున్న ప్రభు, ఆంథోని బామ్మర్ది షాలేమ్‌రాజు.

“ఒడ్డెంట ఎందుకు విసురుతున్నవ్ వల?”

“చేపలున్నయని, బావా.”

“గింత చలికి ఒడ్డున ఉంటయా? నీకు నేను నేర్పాల్నా? చలిగాలి లేచిందంటే రవ్వ, బొచ్చె అన్నీ మడుగుకు దిగుతయ్. మేత ముట్టవు, కదలవు. అందరి వలలు గక్కడనే పడుతయ్.”

“మడుగుల అడవి మొద్దులు ఇరుక్కున్నయ్. వల చినుగుతది.”

“పోయిన చలికి లేవా?”

“ఉన్నయ్... ఉన్నయ్ గని...”

“నిన్న పిచ్చయ్య అక్కడ వల దించుతనంటే కత్తి చూపిచ్చినవంట.”

“అది మన జాగ. వాడెవడు?”

“మన జాగనే. నువ్వెయ్యవు, ఇంకొకణ్ణి వెయ్యనియ్యవు. ఏమున్నదిరా అండ్ల?”

“ఏముంటది. నీళ్లు.”

“నా దిక్కు చూసి చెప్పు.”

“చేతులు కొంకర్లు పోతున్నయ్. పోదాం పా. అక్క చాయ్ పెడతది.”

“కూసో. లేస్తే తోసేస్త. మా అన్న ఏడీ?”

“కొత్తగూడెం దిక్కు పోయిండేమో. బొగ్గుబాయిల పని దొరుకుతదని అంటుండె.”

“మొన్న కొన్న సెల్లు చూర్ల పెట్టి పోతడా?”

“నాకేం తెల్సు... బావా, గొంతు ఇడువు. గొంతు...”

“ఏడీ?”

“ఊపిరి... ఇడువు... చెప్త.”

“చెప్పు.”

“మడుగులనే ఉన్నడు.”

“చంపినవా?”

“నేను కాదు.”

“నా గుద్దుకు ముక్కు పగిలింది చాల్లేదా? ఆ నెత్తురు ఉమ్మి చెప్పు.”

“నేను నీళ్లల్లకు తోసిన, గంతే. కొట్టింది అక్క.”

“ఇన్నమ్మ వదినా? అబద్ధమాడితే నిన్ను గూడ ఈ నీళ్లల్లనే తొక్కుత.”

“తొక్కు. గని ముందు ఇను. ఆ పొద్దు మీ అన్న, అక్క, వాళ్ల బిడ్డ గ్రేస్, నేను పడవల ఉన్నం. గ్రేస్ వలకొస పట్టుకున్నది. చలికి పిల్ల చేతులు తిమ్మిరెక్కి ఇడిసింది. పడ్డ చేపలన్నీ పోయినయ్. మీ అన్న జుట్టు పట్టి పిల్ల తలకాయ నీళ్లల్ల ముంచిండు.”

“తాగిండా?”

“చుక్క ముట్టలే. ముంచిండు. లేపిండు. మల్ల ముంచిండు. నేను చెయ్యి పట్టి గుంజితె మోచేత్తోని కొట్టిండు. పిల్ల కాళ్లు కొట్టుకునుడు ఆగింది, బావా. అప్పుడు అక్క తెడ్డు తీసింది.”

“ఒక్క దెబ్బకేనా?”

“ఒకటి కాదు. పడ్డంక గూడ కొట్టింది. ఆగక్కా అంటే ఆగలే. పుర్రె...”

“చాలు.”

“పిల్లను బోర్లేసి నీళ్లు కక్కిచ్చిన. ఎట్లనో బతికింది.”

“అందుకేనా, బిందెల నీళ్లు చూసినా ఒణుకుతున్నది?”

“అవ్.”

“నాకెందుకు చెప్పలే?”

“నీ తోడబుట్టినోడాయె. ఏమని చెప్పాలె? ఇప్పుడు ఠాణాకు పోతవా? అక్కను తీస్కపోతే ఆ పిల్ల...”

“నోరు ముయ్యి. జర ఆలోచించనియ్యి.”

“బావా...”

“ముయ్యమన్న గద.”

“సరే.”

“ఎట్ల దించినవ్?”

“ఉత్తగనే, బరువేం కట్టలే. చలికి ఇంక తేల్తలేడు.”

“ఎండ ముదిరితే తేల్తడు.”

“తేల్తడు.”

“ఒడ్డుకు తిప్పు పడవ. పెద్ద రాయి చూడు. మడుగుల దిగి తాడు నేను కడత.”