తొమ్మిది శాతంతో కొండ దాటిన కారు

కొండ మొదట్లో టీ కొట్టు ఉంది. కొట్టు పక్కన కార్లకు చార్జింగ్ పాయింట్లు రెండున్నాయి. ఒకటి చెడిపోయి నెల దాటింది. దాని మీద టీ కొట్టు అక్క గ్లాసులు తుడిచే గుడ్డ ఆరేసుకుంటోంది. రెండోదానికి కళ్లజోళ్ల దుకాణం బావ కారు తగిలించి ఉంది. అతడు ఎవరినైనా బావా అనే పిలుస్తాడు, అందుకని అందరికీ అతడు బావే. కారులో అతని భార్య అద్దం దించుకుని కూర్చుంది. ఒళ్లో ఏడాదిన్నర పిల్లాడున్నాడు. వెనక సీట్లో పెద్దపిల్ల నిద్రపోతోంది.

బల్ల మీద బావ కాక కూర్చున్నవాళ్లు ఇద్దరే. ఒకరు లెక్కల మాస్టారు. ఆయనది పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే హైబ్రిడ్ కారు. ఆయన టీ కోసమే ఆగారు. రెండో మనిషి మందుల షాపులో పనిచేసే యువకుడు. పాత ఎలక్ట్రిక్ కారు ఒకటి కొనుక్కుని పది రోజులైంది. కొండ అవతల ఉన్న అమ్మమ్మకు మూడు నెలల పాపను మొదటిసారి చూపించడానికి భార్యతో బయలుదేరాడు. బావ తర్వాత వంతు అతనిదే.

"మీదయ్యేసరికి ఇంకా ఎంతసేపు పడుతుందన్నా?" అని అతడు అడిగాడు. "సీసాలో పాలు ఒక్కసారికే ఉన్నాయి. పాప అప్పుడే సణగడం మొదలుపెట్టింది."

"గంట పడుతుంది బావా, ఆపైన నీదొక గంట. కూర్చో, కాలం తెలియకుండా నేను చూసుకుంటాను. అయినా నన్నడిగితే ఈ చార్జింగ్ పాయింటుతో పనేముంది? నేను పోయినేడు ఇక్కడ ఆగకుండానే ఈ కొండ దాటాను."

"నిండా ఎక్కించుకుని బయలుదేరితే ఎవరైనా దాటతారు," అన్నారు మాస్టారు.

"నిండానా? తొమ్మిది. తొమ్మిది శాతం మాస్టారూ. కళ్లజోళ్లు అమ్ముకునేవాణ్ణి, అంకె తప్పు చదివే రకం కాదు. బండిలో ఎవరెవరున్నారో కూడా వినండి. నేను, మా ఆవిడ, పెద్దది, నాలుగు నెలల చంటోడు, మా అత్తగారు, అత్తగారి సూట్‌కేసు. ఆ సూట్‌కేసు ఒక్కటే ఇద్దరు మనుషుల పెట్టు. ఇక్కడికి వచ్చేసరికి ఇద్దరు ముందే కాచుకుని ఉన్నారు. మా ఆవిడ ఆగుదామంది. నేనున్నానుగా అన్నాను. ఏమే, అన్నానా లేదా?"

కారులో పక్కకు తిరిగి ఆవిడ పిల్లాడి మూతి తుడుస్తోంది.

"అన్నాను. ఏసీ ఆపేశాను, పాటలు ఆపేశాను, అత్తగారిని ఊపిరి కాస్త పొదుపుగా పీల్చమన్నాను."

"పీల్చిందా తమ్ముడూ?" అంది అక్క.

"మూడు మలుపులకొకసారి పీల్చింది. పద్ధతి గల మనిషి. అలా పోతున్నామా, నాలుగో మలుపులో తెర మీద తాబేలు బొమ్మ వెలిగింది. తాబేలంటే తెలుసుగా బావా, చార్జింగ్ అయిపోవచ్చింది, ఇక నేను పాకడమే అని బండి చెప్పడం. ఇంకొకడైతే అక్కడే కూలబడేవాడు. నేను దాని వైపు ఒక చూపు చూశాను, అంతే. కాళ్లూ తలా డిప్పలోకి లాక్కుంది. మళ్లీ బయట పెట్టలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ నెత్తికి చేరేసరికి సున్నా. మాటవరసకు కాదు, తెర మీద గుండ్రంగా సున్నా. అయినా బండి పోతూనే ఉంది. దేని మీద పోతోందో చెప్పుకోండి చూద్దాం."

"దేని మీదన్నా?" అన్నాడు యువకుడు.

"మొహమాటం మీద. ఇంతమంది నమ్ముకుని కూర్చున్నారు, ఇప్పుడు ఆగితే ఏం బాగుంటుందని పోతోంది. మైనస్ నాలుగు దాకా నా కళ్లతో నేను చూశాను."

మాస్టారికి టీ పొలమారింది. అక్క వెనక్కి తిరిగి నవ్వుకుని, పాలు పొంగుతుంటే మంట తగ్గించింది.

"నవ్వండి. అసలు సంగతి దిగుడులో ఉంది. దిగేటప్పుడు చక్రాలు తిరిగి బ్యాటరీలోకి కరెంటు వస్తుంది. ఇది నా మాట కాదు, బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది."

"ఉంది. నేనూ చదివాను," అన్నాడు యువకుడు, ముందుకు జరిగి.

"చదివావుగా. ఇక విను. దిగినంతసేపూ నేను స్టీరింగ్ ముట్టుకోలేదు, బ్రేకు తొక్కలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. చక్రాలు రోడ్డుకు తగిలితే ఒట్టు."

"తగలకపోతే కరెంటెలా పుట్టిందోయ్?"

"గాలికి తిరిగాయి మాస్టారూ. పది అయింది, ముప్పై అయింది, ఒక మలుపు తిరిగేసరికి అరవై, మా అత్తగారు తుమ్మేలోగా వంద. వంద దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగిందా? నూట పది. నూట ముప్పై."

"నూటికి నూట ముప్పై ఎలా వస్తుంది?"

"మీ బడిలో రాదు. అక్కడ నేల సమంగా ఉంటుంది. ఇది దిగుడు. ఇప్పుడు నా కష్టం చూడండి, ఆ పొర్లిపోయే కరెంటంతా ఎందులో పట్టను? నా ఫోను నిండింది, మా ఆవిడ ఫోను నిండింది. చంటోడి చేతిలో గిలక్కాయ, దానికి బ్యాటరీయే లేదు, అది పాట ఎత్తుకుంది. మిగిలింది మా అత్తగారి చెవి మిషనులోకి ఎక్కింది. ఎక్కేసరికి ఆవిడకు నేను పెళ్లికి ముందు మా స్నేహితులతో ఆవిడ గురించి అన్న మాటలు కూడా వినబడ్డాయి. ఆ తగువు ఇంకా తెమల్లేదు."

"అయితే ఆవిడ ఇవాళ రాలేదేం?" అన్నారు మాస్టారు.

"పొద్దున్నే బస్సులో ముందు వెళ్లింది. కారుకు కాస్త విశ్రాంతి ఇద్దామని. అంత ప్రేమ ఆవిడకు ఈ బండంటే." బావ గ్లాసు దించి మోకాళ్ల మీద చేతులు చరిచాడు. "సరే, కొండ దిగాం. దిగితే అవతల ఊళ్లో కరెంటు లేదు. పిండిమర దగ్గర జనం సంచులతో బారులు తీరి ఉన్నారు. మరాయన వచ్చి, బాబూ, నీ దగ్గర కాస్త మిగిలితే ఇస్తావా అన్నాడు. పాపం అనిపించి ఒక్క వైరు తగిలించాను. సంచి మూతి విప్పకముందే లోపలి గోధుమలు పిండైపోయాయి. అది చూసి ఇస్త్రీ కొట్టాయన పరుగెత్తుకొచ్చాడు. ఆయన పెట్టె ఇంకా ఎత్తనేలేదు, చొక్కాలన్నీ వాటంతటవే మడతలు పెట్టుకుని వరసలో నిలబడ్డాయి. వీధి దీపాలు మిట్టమధ్యాహ్నం వెలిగితే కోళ్లు రెండోసారి కూశాయి. చివరికి కరెంటాఫీసు పెద్ద ఇంజనీరు జీపులో వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. బాబూ, మా తీగల్లో కరెంటు వెనక్కి పోతోంది, డ్యాము దగ్గర నీళ్లు కిందినుంచి పైకి ఎక్కుతున్నాయి, చేపలు బెంగ పెట్టుకున్నాయి, దయచేసి వైరు తీసెయ్యి అన్నాడు."

"తీశావా?" అంది అక్క, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"తీయనా మరి. నేనూ పిల్లలు గలవాణ్ణే, చేపలకూ పిల్లలుంటాయి."

"అంత కరెంటు పుట్టించినవాడివి ఇవాళ ఇక్కడెందుకు తగిలించావయ్యా?"

"అలవాటు తప్పిపోకూడదని మాస్టారూ."

మాస్టారు కూడా ఇక ఆపుకోలేక నవ్వారు. బావకు ఆ నవ్వు చాలు. ఇంకో టీ చెప్పాడు.

అప్పుడు యువకుడు లేచాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, తాళం తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేను బయలుదేరతానన్నా."

"ఎక్కడికి?"

"కొండ మీదికే. నాకు పందొమ్మిది శాతం ఉంది. మీకంటే పది ఎక్కువ. మీదీ నాదీ ఒకటే రకం బండి. మాకు అత్తగారి సూట్‌కేసు కూడా లేదు. రెండు గంటలు ఇక్కడ కూర్చుంటే పాలు ఇక్కడే అయిపోతాయి."

బావ నవ్వాడు. "భలేవాడివి బావా. నవ్వుకోడానికి చెప్పిన కథ పట్టుకుని..."

"కోళ్లూ చేపలూ నవ్వుకోడానికేనని నాకూ తెలుసన్నా. తొమ్మిదితో దాటడం మాత్రం నిజమేగా. అంకె తప్పు చదవనన్నారు. దిగుడులో కరెంటు రావడం పుస్తకంలోనే ఉంది."

ఇంత శ్రద్ధగా విన్నవాడు బావకు ఇంతవరకు తగల్లేదు. దుకాణంలో, పెళ్లిళ్లలో, బస్సుల్లో అతని మాటలకు అందరూ నవ్వి లేచిపోయేవారు. నవ్వేవాళ్ల వల్ల అబద్ధానికి బలం రాదు. నమ్మి బయలుదేరేవాడి వల్లే వస్తుంది.

"తొమ్మిదంటే... కొంచెం అటూ ఇటూగా," అన్నాడు బావ.

"ఎంత అటూ ఇటూ?"

బావ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు నవ్వడం మానేశారు.

"చెప్పవయ్యా. అతను అడిగింది అంకె."

బావ ఒకసారి తన కారు వైపు చూశాడు. అతని భార్య ఇటే చూస్తోంది. ఏడాదిగా ఈ కథ విన్నప్పుడల్లా పక్కకు తిరిగే మనిషి ఇవాళ తిరగలేదు. ఇంతలో టీ వచ్చింది. బావ గ్లాసందుకుని, "వాన వచ్చేట్టుంది," అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

యువకుడు తల ఊపి వెళ్లి కారెక్కాడు. వెనక సీట్లో అతని భార్య పాపను గుండెకు ఆనించుకుని, పాలసీసా వంచి ఎంతుందో చూసింది. తలుపు పడింది. ఎలక్ట్రిక్ కారు కదిలితే చప్పుడుండదు, ఇసుక మీద చక్రాల గరగర తప్ప. ఆ గరగర విని బావ పరుగెత్తాడు. కారుకు ఎదురుగా పోయి, వేడి టీ గ్లాసుతోనే అడ్డంగా నిలబడ్డాడు. టీ సగం చొక్కా మీద, సగం బానెట్టు మీద పడింది.

"దిగు బావా. దాటలేదు. నేను దాటలేదు."

యువకుడు అద్దం దించాడు.

"తొమ్మిది కాదు. పందొమ్మిది. సరిగ్గా నీకున్నంతే. తాబేలు వచ్చిన మాట నిజం, నేను దాని వైపు చూసిన మాట నిజం, అది మాత్రం నన్ను లెక్కచేయలేదు. ఏడో మలుపులో ఆగిపోయాం. కొండ నెత్తి ఇంకా సగం దూరం ఉంది. ఫోను కలవలేదు. నాలుగు గంటలు కూర్చున్నాం. చంటోడి పాలు మొదటి గంటలోనే అయిపోయాయి. ఏడ్చి ఏడ్చి వాడి గొంతు పోయింది, తర్వాత ఏడవడం కూడా మానేశాడు. అది..." బావ ఆగి గ్లాసు అటునుంచి ఇటు మార్చుకున్నాడు. "ఆ చప్పుడు లేకపోవడం నీకొద్దు బావా."

యువకుడి చేయి స్టీరింగ్ మీదినుంచి జారింది.

"మరి కిందికెలా వచ్చారు?" అన్నాడు.

"ఒక లారీవాడు దయతలిచి కారును పైకెక్కించుకున్నాడు. కిందికి దింపి, ఇదిగో, ఇక్కడే వదిలాడు."

మాస్టారు బల్ల మీదనుంచి లేచి వచ్చారు. "స్టీరింగ్ ముట్టుకోలేదు. బ్రేకు తొక్కలేదు. చక్రాలు రోడ్డుకు తగిలితే ఒట్టు. ఒరేయ్, ఇంత కథలో నువ్వు చెప్పిన నిజం అదొక్కటే అన్నమాట."

మొదట అక్క నవ్వింది, తర్వాత యువకుడి భార్య నవ్వింది. ఆ కుదుపుకు పాప మేలుకుని కెవ్వుమంది. బావ కూడా నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత చేయవలసింది అతనికి ఎవరూ చెప్పలేదు. వెళ్లి తన కారు నుంచి ప్లగ్గు ఊడబీకాడు. తెర మీద నలభై ఒకటి ఉంది. బండిని పక్కకు నెట్టినంత మెల్లగా జరిపి, యువకుడి కారును ఆ చోట పెట్టించి, ప్లగ్గు తన చేత్తోనే తగిలించాడు.

"నువ్వు ముందు ఎక్కించుకో. నిండేదాకా కదలకు. నీ తర్వాత నేను."

"మీకు ఆలస్యం అవుతుందన్నా. మీ పిల్లలు..."

"మావాడు అన్నం తింటున్నాడిప్పుడు. అక్కా, ఆ పాలగిన్నె ఉందిగా, చంటిదానికి కాదు, ఈ అమ్మాయికి ఒక గ్లాసు ఇయ్యి. మాస్టారికి టీ ఇయ్యి, పొలమారకుండా తాగనీ."

అతని భార్య పిల్లాణ్ణి చంకనేసుకుని కారు దిగి వచ్చింది. బల్ల చివర, బావకు జానెడు దూరంలో కూర్చుంది.

"మా అమ్మకు కూడా ఇలాగే చెబుతారా?" అంది.

"ఏమని?"

"ఆగుదామని నేను చెప్పానని. అమ్మ ఇప్పటికీ నేనే తొందరపెట్టాననుకుంటోంది."

బావ తడిసిన చొక్కా అంచు పిండుకున్నాడు. "సాయంత్రం చేరగానే చెబుతాను."

"చేరగానే కాదు. చెప్పులు విప్పకముందే."

"సరే. గుమ్మంలోనే."

ఆవిడ పిల్లాణ్ణి అతని ఒళ్లో పెట్టింది.

ఇంకా గంటన్నర కాలం గడవాలి. పాప పాలు తాగి నిద్రపోయింది. కాసేపు ఎవరి టీ వాళ్లు తాగారు. చార్జింగ్ పాయింటు సన్నగా మూలుగుతోంది. బావ బల్ల మీద అటు జరిగాడు, ఇటు జరిగాడు, పిల్లాడి వేళ్లు లెక్కపెట్టాడు. మాస్టారు గడియారం చూసుకుని, అయినా లేవకుండా కూర్చున్నారు.

"ఆ లారీ సంగతి చెప్పలేదేమోయ్," అన్నారు ఆయన.

బావ మొహం వెలిగింది. "లారీయా మాస్టారూ? అది మామూలు లారీ అనుకున్నారా? అటు చివర ఇటు చివరకు కనబడదు. దానికి ఇరవై రెండు చక్రాలు..."

"ఆరు," అంది అతని భార్య.

బావ పిల్లాడి వైపు చూశాడు. యువకుడి వైపు చూశాడు.

"ఆరే," అన్నాడు. "ఆరు చక్రాలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"