మంద తోలని ఏడు

వాగు పొంగి, కాలువ గట్టు తెగి మా ఊరు మునిగింది. ఆ వరద తరువాతి ఎండాకాలం. ఊరు విడిచి కోదాడ తోవలో బోడు గుట్ట మీద నా గొర్రెల దొడ్డి. పొద్దు గూకే వేళ ఊళ్ళో నుంచి శ్రీలత అనే పిల్ల వచ్చింది. నా భార్య బక్కమ్మ దొడ్డి ఊడుస్తున్నది.

"నిన్ననే వద్దన్న. ఇయ్యాల మళ్ళ ఎందుకు ఎక్కినవ్ గీ బోడు?"

"వద్దన్నవ్ గని ఎందుకు వద్దో చెప్పలే జంగయ్య తాతా."

"సెప్పేదేమున్నది. రేపు పొద్దుగాల మిర్యాలగూడ నుంచి బేరగాడు ఫకీరా డీసీఎం బండి వస్తది. మంద మొత్తం ఎక్కిస్త. ఖతం."

"అందుకే ఉరికొచ్చిన. అమ్మకు తాతా. వానలు పడేదాక ఆగు. మా చేన్లల్ల మంద పెట్టు."

"మీ చేన్లంటే ఎవలయి?"

"ఊరందరియి. వరద ఇసుక మేటేసిన చేన్లు. ఇంటికో మనిషొచ్చి ఎండల నిలబడి ఎత్తినం. ఇసుక పోయింది గని కింద మన్ను సచ్చి పడున్నది. రాత్రిపూట నీ గొర్లు పండుకుంటే ఆ పెంటకు, ఆ మూత్రానికి జర పాణమొస్తది."

"యూరియా ఏసుకోండ్రి."

"ఆ మన్నుల యూరియా ఏసినా నిలుస్తలేదు."

"ఇన్నేండ్లు నిలిచింది గద. మా అయ్య ఉన్ననాడు మంద పెట్టుమని ఇంటి ముందట నిలబడుతుండె మీ రైతులు. వడ్లు కొలుస్తుండె. యూరియా బస్తాలొచ్చినంక గట్టు గుడ ఎక్కనియ్యలే."

"అది నిజమే."

"గడ్డి మందు కొట్టిన గట్టు మీద మేసి నా గొర్లు నురుగులు కక్కినయ్. నిన్నెవడు తోలుకరమ్మన్నడు అన్నరు. ఇప్పుడు మీ మన్ను సచ్చిందని నా గొర్లు యాదికొచ్చినయ్."

"సూసినవా బిడ్డా. గీ మనిషి ఏడాదికి మాట్లాడే మాటలన్ని ఇయ్యాలనే మాట్లాడుతుండు. తిట్టుడుంటేనే నోరు లేస్తది."

"నువ్వు ఊకో బక్కీ. దొడ్డి ఊడువు. ఏం పిల్లా, మొన్న కోదాడకు పోయిన్రట, ట్రైనింగు."

"పోయినం. వరద తాకిన ఊర్ల ఆడోళ్ళందరిని పిలిచిన్రు."

"ఏం నేర్పిన్రు?"

"మనసు గట్టిగ చేసుకునుడు."

"అది గుడ నేర్పుతరా. ఎట్ల?"

"గుండ్రంగ కూసొని కండ్లు మూసుకోవాలె. మెల్లగ ఊపిరి తీసుకోవాలె, మెల్లగ ఇడవాలె."

"ముందుగాల నేర్పుతే అయిపోతుండె. వరదల పోయినోళ్ళు మెల్లగ తీసుకుందురు ఊపిరి."

"ఎక్కిరియ్యకు తాతా. మా అమ్మ ఆ వరద నాడు బడి మెట్ల మీద కూసున్నట్టే ఇంట్ల గుడ రాత్రంత కూసొనే ఉంటుండె. ఆడ గోడకు ఒరిగి నిద్రపోయింది. గురక పెట్టింది."

"బువ్వ పెట్టిన్రా?"

"పెట్టిన్రు."

"అందుకే నిద్రొచ్చింది."

"నీతోని మాట్లాడుడు కష్టం."

"మాట్లాడుమని ఎవలన్నరు. మొక్కలు పట్టుకొని ఫోటోలు దిగిన్రట గద."

"దిగినం. తెచ్చి బడి ముందట నాటినం."

"ఏవి మరి? పోతుంటే ఒక్కటి గుడ కండ్లవడలే."

"నీ గొర్లు మేసినయ్."

"మంచి పని చేసినయ్. ఊర్లె జర తెలివున్నయి అవ్వే."

"నువ్వెంత అన్నా పడత. ఈ వానకాలం పంట ఎల్లకపోతే ఇసుక ఎత్తినోళ్ళల్ల సగం మంది మిర్యాలగూడ మిల్లులకు పోతరు. మూటలు గుడ కట్టుకుంటున్నరు. ఒక్కసారి పోతే మళ్ళ ఎవరు రారు. వాళ్ళను ఆపేది నీ మందనే."

"ఎవలి చేను నుంచి మొదలు పెడతరు?"

"వాగు పక్కన చేను. బుచ్చయ్య తాతది."

"అయిపోయింది మాట. దిగు బోడు."

"తాతా."

"దిగు అన్న."

"ఒక్క మనిషి మీద కోపం ఊరందరి మీద ఎందుకు?"

"ఆ తెల్లారి బడి మెట్ల మీద నువ్వు లేవా?"

"ఉన్న."

"నడుముల్లోతు నీళ్ళల్ల మందను తోలుకొని బడి కాడికొచ్చిన. డాబా మెట్లకు ఇనుప రేకు గేటు. లోపట గొళ్ళెం పెట్టున్నది. తియ్యుండ్రి తియ్యుండ్రి అని మొత్తుకున్న. మీదికెల్లి ఎవలి గొంతొచ్చింది?"

"బుచ్చయ్య తాతది."

"ఏమన్నడు?"

"తియ్యం. గొర్లను ఇడిసిపెట్టి నువ్వొక్కనివి గోడెక్కి రా అన్నడు."

"ఇడిసిపెట్టి రమ్మన్నడు. అవేమన్న ఇడిసిపెట్టే మూటలా? గోడెక్కిన గని మీ మొకాలు సూడబుద్ధిగాక బస్ షెల్టర్ మీదికి దుంకి కూసున్న. సగం మంద ఒకదానెనుక ఒకటి పోతుంటే సూసిన. మీదికెల్లి ఊరంత సూసింది. గా ఊరికి ఇప్పుడు నేను ఎరువెయ్యాలె."

"బక్కమ్మవ్వా, నువ్వన్న చెప్పు."

"నేనేం సెప్పాలె బిడ్డా. దొడ్డి ఊడుస్తున్న."

"ఊడిసిన కాడనే ఊడుస్తున్నవ్ అవ్వా."

"పెంట ఉన్నది."

"సరే పిల్లా. ఇగ నన్ను పరేషాన్ చెయ్యకు. ఒక్క మాట సెప్త, అది చేస్తే మంద పెడత."

"చెప్పు."

"బుచ్చయ్య రావాలె గీడికి. ఊరందరిని ఎంట తెచ్చుకోవాలె. గేటు ఏసింది నేనే అని ఒప్పుకోవాలె. నా కాళ్ళు మొక్కాలె."

"మొక్కుతడు."

"ఏంది?"

"మొక్కుతడు తాతా. ఇప్పుడే పిలుస్త."

"అడగనన్న అడగకపోతివి. ఎట్ల తెలుసు?"

"ఆయననే అన్నడు. జంగన్న ఏదంటే దానికి సరే అని రాండ్రి, కాళ్ళు మొక్కమంటే గుడ మొక్కుత అన్నడు."

"సిగ్గు లేనోడు. గింత రోషం లేనోని చేనుకా నా మంద. మొగోడైతే మొక్కను అనాలె."

"మా వాడల ఒకరి కాళ్ళు మొక్కుడు మా నాయన ఉన్ననాడే బందు పెట్టిన్రు తాతా. ఎవరి కాళ్ళు మొక్కం అని ఒట్టు పెట్టుకున్నరు. ఆ ఒట్టు పెట్టించినోడే బుచ్చయ్య తాత. ఇప్పుడు నీకు మొక్కుతనంటుండు."

"మంచిది. పిలువు మరి. సూద్దాం ఎట్లుంటదో."

"పిలుస్తున్న. హలో. తాతా, నేను శ్రీలతను. జంగయ్య తాత ఒప్పుకున్నడు. ఆ. అదే అన్నడు. నువ్వు జర..."

"పిలువకు బిడ్డా."

"ఏంది అవ్వా?"

"ఫోన్ పెట్టెయ్."

"ఎందుకే బక్కీ? రానీ. వచ్చి మొక్కనీ."

"పెట్టెయ్ బిడ్డా. ఆయన రావద్దు. గేటు ఆయన ఎయ్యలే."

"మరెవడు ఏసిండు?"

"నేనే ఏసిన."

"ఏమన్నవ్?"

"నేనే. గొళ్ళెం పెట్టి ఈపు ఆనిచ్చి నిలబడ్డ. బుచ్చయ్య తీద్దామనే అన్నడు. వాళ్ళ వాడ జాన్ గుడ తీద్దామన్నడు. నా రెక్కలు పట్టి గుంజిన్రు. నేను తియ్యనియ్యలే."

"నా మందను ముంచినవా."

"ముంచిన."

"ఎందుకే?"

"ఎందుకో నీకు తెల్వదా. మెట్లు ఎంత ఎడల్పున్నయ్? కింది మెట్టు మీద జాన్ పెండ్లాం, పచ్చి బాలింత, ఒళ్ళె పిల్ల. పక్కన శ్రీలత వాళ్ళమ్మ, కాలు లేవదు. డాబా నిండ జనం, మీదికి జరుగుదామంటే సందు లేదు. ఒక్క పొట్టేలు మెట్టెక్కితే ఎనుక ఎన్నున్నా అన్ని ఎక్కుతయ్. కింద మనిషున్నదా, పిల్లున్నదా అని సూస్తయా? ఊరోళ్ళకు తెల్వదు, పాపం అని తీద్దామన్నరు. పుట్టినకాడి నుంచి వాటెనుక నడిసినదాన్ని, నాకు తెల్వదా?"

"గొంతు బుచ్చయ్యది గద."

"నేనే ఆయనను ఒర్లుమన్న. నా గొంతు ఇంటే నువ్వు గోడెక్కుతుంటివా? ఆడనే నిలబడి నన్ను తిట్టుకుంట మునుగుతుంటివి."

"నీళ్ళు తీసినంకనన్న సెప్పకపోతివి."

"సెప్దామనుకున్న. అప్పటికే నువ్వు ఊరితోని మాట బందు పెట్టినవ్. ఊరితోని బందు పెడితే ఊరికేం తక్కువైతది? వాళ్ళకు వాళ్ళున్నరు. నాతోని బందు పెడితే గీ బోడు మీద నేనెవలితోని మాట్లాడాలె? గొర్లతోనా?"

"అందుకు పరాయోని మీద పెట్టి బతికినవ్. తూ."

"బతికిన."

"బక్కమ్మవ్వా, ఇగ ఊకో. ఏడవకు."

"ఏడుస్తలేను బిడ్డా. పొగ."

"పొయ్యి ముట్టియ్యలే అవ్వా ఇంకా."

"శ్రీలతా."

"ఆ తాతా."

"నీకు ఇది తెలుసా?"

"తెలుసు. మెట్ల మీదున్నోళ్ళందరికి తెలుసు. ఊరంత తెలుసు."

"ఎవలు సెప్పలే నాకు."

"ఎవరు చెప్పలే."

"సెప్పొద్దని మీటింగ్ పెట్టుకున్నరా?"

"పెట్టుకోలే. ఎవరికి వాళ్ళే ఊకున్నరు."

"కల్లు కాడ ఎదురువడితే బుచ్చయ్య మొకం మీద ఉమ్మేసిన. అందరున్నరు ఆడ."

"తుడుసుకొని పోయిండు. ఎందుకు పడతవ్, నిజం చెప్పరాదా అని నేనే అడిగిన. ఉమ్మి కడిగితే పోతది, ముసలోళ్ళ కాపురం ఇరిగితే ఎవడు అతుకుతడు అన్నడు."

"గిది గుడ కోదాడలనే నేర్పిన్రా?"

"లేదు తాతా. ఇది మేం కోదాడకు పోకముందుదే."

"పో. చీకటైతుంది. తోవల రాళ్ళున్నయ్."

"మంద సంగతేంది?"

"పో అన్న గద."

తెల్లవారింది. డీసీఎం బోడు కింద ఆగింది.

"జంగన్నా, ఎక్కిద్దామా?"

"తిప్పుకొని పో ఫకీరా."

"మాటిచ్చినవ్ గదనే. మిర్యాలగూడ నుంచి ఖాళీ బండి ఏసుకొని వచ్చిన."

"ఇచ్చిన. పో."

"బక్కమ్మక్కా, ఏమైంది ఈయనకు?"

"నాకేం తెలుసు తమ్మీ. రాత్రి నుంచి నోరిప్పలే."

"బక్కీ."

"ఆ."

"దొడ్డి తడికెలు ఎత్తు. మంద ముందట నడువు."

"నేనా. ఎటు దిక్కు?"

"ఊరి నడుమకెల్లి. బడి ముందటకెల్లి."

"అందరు సూస్తరయ్యా."

"నడువు."

బుచ్చయ్య తన చేను గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"జంగన్నా, రాత్రి ఫోన్ల సగం మాటనే ఇనపడ్డది. రమ్మంటివో వద్దంటివో తెల్వలే. మొక్కుమంటవా ఇప్పుడు?"

"వద్దు."

"మరి?"

"తడికెలు ఏ దిక్కు నుంచి పాతాలె?"

"వాగు దిక్కు నుంచి. ఇసుక ఆడనే ఎక్కువుండె. బక్కమ్మ ఎందుకట్ల దూరం నిలబడ్డది? సెప్పిందా?"

"సెప్పింది."

"ఆమెను ఏమనకు జంగన్నా."

"నా పెండ్లాన్ని ఏమనాల్నో నువ్వు సెప్పకు. ఏడాది పొడుగు నోరు మూసుకున్నవ్, ఇప్పుడు గుడ మూసుకో."

"మూసుకుంట."

"మీ ఇంట్ల ఏమన్న ఉన్నదా?"

"ఏంది?"

"తినేతందుకు."

"మా ఇంట్లనా? సద్దన్నం ఉన్నది, తొక్కున్నది. మీ కులపోళ్ళు మా ఇంట్ల ముద్ద ముట్టంగ నా బతుకుల సూడలే జంగన్నా. ఊరు సూస్తది."

"సూడనీ. ఈ ఊరు సూసింది ఏది బయటికి సెప్పదు గద."

తడికెలు పాతి, మందను లోపలికి తోలి, బక్కమ్మను వెంటబెట్టుకొని వాళ్ళ వాడకు పోయాను. బుచ్చయ్య ఇంటి ముందర ఆమె పక్కన కూర్చొని తిన్నాను.